గళ్ల ర్యాక్ ఉన్న ఓవెన్ ట్రే: బేకన్ చుట్టిన కూరగాయలకు ఏడాదిగా వాడాక

బేకన్, అంటే ఉప్పులో ఊరబెట్టి పల్చగా కోసిన పంది మాంసం, చుట్టిన ఆస్పరాగస్ కాడలు మొదటిసారి చేసినప్పుడు పైవైపు చూసి పొంగిపోయాను. ఎర్రగా వేగి, అంచులు ముడుచుకుని, నోరూరేలా ఉంది. పటకారుతో ఒకటి ఎత్తి తిప్పేసరికి అడుగువైపు బేకన్ తెల్లగా, జారుతూ, కొవ్వులో నానిన గుడ్డపేలికలా వేలాడింది. ఇంకో పది నిమిషాలు ఓవెన్‌లో పెట్టాను. అడుగు కాస్త రంగు మారింది గానీ ఈలోగా ఆస్పరాగస్ మొనలు నల్లబడ్డాయి. ఈ వంటకాన్ని అంతకుముందే ఒక స్నేహితురాలి ఇంట్లో తిన్నాను. అన్నివైపులా కరకరలాడే బేకన్, లోపల ఇంకా పచ్చగా ఉండి కొరికితే టక్కుమనే కాడ. అలా రావాలంటే ఏం చేయాలని ఫోన్ చేసి అడిగితే తను ఒకే మాట చెప్పింది: "ర్యాక్ మీద పెట్టావా?"

ఆ మాట మీదే ఈ సెట్టు కొన్నాను. ఒక అల్యూమినియం ట్రే, దానిలో సరిగ్గా కూర్చునే స్టెయిన్‌లెస్ స్టీలు ర్యాక్. ట్రే 46 సెం.మీ. పొడవు, 33 సెం.మీ. వెడల్పు, అంటే బేకరీల వాళ్లు హాఫ్ షీట్ అనే కొలత. అంచు సుమారు రెండున్నర సెం.మీ. ఎత్తు ఉంది. ర్యాక్‌కి ఆరు కాళ్లు, నిలువు తీగల మీద అడ్డ తీగలు అతికించిన చిన్న చిన్న గళ్లు. ఏడాది దాటింది. నెలకు రెండు మూడుసార్లయినా దీనిమీద బేకన్ చుట్టి ఏదో ఒకటి వేయిస్తూనే ఉన్నాను.

కొన్న వారంలోనే ఒక పరీక్ష పెట్టాను. ఒకే ప్యాకెట్ బేకన్, ఒకే కట్ట ఆస్పరాగస్. పన్నెండు స్లైసుల్ని సగానికి కోసి ఇరవై నాలుగు చుట్టలు చేశాను. పన్నెండు ర్యాక్ మీద, పన్నెండు పాత ట్రేలో నేరుగా. 200 డిగ్రీల సెల్సియస్‌లో ఒకదాని తర్వాత ఒకటి, చెరో ఇరవై రెండు నిమిషాలు. ఓవెన్ లైటు వేసి ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాను. మొదటి ఆరేడు నిమిషాలు ర్యాక్ మీద పెద్దగా మార్పు కనిపించలేదు. బేకన్ రంగు పాలిపోయి, తెల్లకొవ్వు గాజులా మెరవడం మొదలైంది. ఎనిమిదో నిమిషం దాటాక మొదటి చుక్క పడింది. గళ్ల కింద వేలాడి, కాస్త లావై, తెగి పడింది. ఆ తర్వాత ఒక్కో చుట్ట కింద ఒక్కో చుక్క. పన్నెండో నిమిషానికి చిన్న వర్షంలా అయింది. పదిహేనో నిమిషంలో బేకన్ బిగుసుకుని కాడల్ని పట్టుకుంది. చివరి ఐదు నిమిషాల్లోనే రంగంతా వచ్చింది.

పాత ట్రేలో చేసిన పన్నెండింటి కథ వేరు. పదో నిమిషానికే కొవ్వు, ఆస్పరాగస్‌లోంచి వచ్చిన నీళ్లు కలిసి మడుగు కట్టాయి. ఆస్పరాగస్‌లో తొంభై శాతానికి పైగా నీరే. ఆ నీరు ఆవిరయ్యేదాకా ఆ మడుగు వేడి 100 డిగ్రీల చుట్టూనే ఆగిపోతుంది. బేకన్ ఎర్రబడాలంటే అంతకన్నా చాలా ఎక్కువ వేడి కావాలి. అందుకే అడుగువైపు వేగదు, ఉడుకుతుంది. ర్యాక్ చేసే పనల్లా ఆ నీటినీ కొవ్వునీ కిందికి వదిలేసి, వేడిగాలిని చుట్టూ తిరగనివ్వడమే. ఆ రోజు ర్యాక్ కింద పోగైన కొవ్వు వడగట్టి కొలిస్తే పావు కప్పుకి కాస్త పైన వచ్చింది. నేరుగా ట్రేలో చేసినప్పుడు అదంతా చుట్టల కింద నిలిచి, వాటిలోకే తిరిగి పీల్చుకుంటోందన్నమాట.

ర్యాక్ కొనేటప్పుడు గళ్లున్నదా, ఒకవైపు తీగలే ఉన్నదా అని తప్పకుండా చూడండి. ఒకవైపు తీగలున్న ర్యాక్ మా ఇంట్లో ముందే ఒకటి ఉంది, కేకులు చల్లార్చడానికి కొన్నది. తీగకీ తీగకీ మధ్య రెండు వేళ్లు పడతాయి. కేకుకి ఇబ్బంది లేదు. పుట్టగొడుగు పెడితే పక్కకి ఒరుగుతుంది, ఆస్పరాగస్ మొన సందులోంచి కిందికి వంగి కొవ్వులో మునుగుతుంది, చిట్టి క్యాబేజీలా ఉండే బ్రసెల్స్ స్ప్రౌట్‌ని సగం కోసి పెడితే మొత్తం కిందికే జారిపోతుంది. ఈ సెట్టులో గళ్లు సెంటీమీటరు మించవు. టూత్‌పిక్కు గుచ్చిన చిన్న ముక్క కూడా నిలబడుతుంది. నాన్‌స్టిక్ పూత ఉన్నవాటి జోలికి వెళ్లకండి. పాత ర్యాక్ పూత అతుకుల దగ్గర పొరలుగా లేచింది, ఆ తర్వాత దాన్ని ఓవెన్‌లో వాడటం మానేశాను. ఉత్త స్టీలైతే గట్టిగా రుద్దుకోవచ్చు.

ట్రే గురించి కూడా చెప్పాలి. పల్చటి ట్రేలు వేడెక్కగానే టంగుమని ఒక మూల పైకి లేస్తాయి. బిస్కెట్లు కాల్చేటప్పుడు అది చప్పుడు మాత్రమే. దానిలో పావు కప్పు కాగిన కొవ్వు ఉన్నప్పుడు మాత్రం ఆ కుదుపుకి కొవ్వు ఎగిరి ఓవెన్ అడుగున పడుతుంది. ఈ ట్రే అంచు చుట్టేసి, ఆ చుట్టలో ఇనుప తీగ పెట్టి ఉంది. ఏడాదిలో ఒక్కసారి కూడా వంగలేదు. చేత్తో పట్టుకుంటే బరువు తెలుస్తుంది. రెండు చేతులూ వాడాల్సిన బరువు, అయినా నాకు అదే నచ్చింది.

ఇక ర్యాక్ ఒక్కటీ ఉంటే చాలదు. దానిమీద పెట్టే బేకన్ ఎలాంటిదన్నది కూడా అంతే ముఖ్యం. మందంగా కోసిన బేకన్ చూడ్డానికి ఘనంగా ఉంటుంది. సుమారు మూడు మిల్లీమీటర్ల మందం. ఒంటిగా వేయించుకుని తింటే దాన్ని మించింది లేదు. కూరగాయ చుట్టూ చుడితే మాత్రం అది వేగేలోగా లోపలిది మెత్తని ముద్దవుతుంది. మామూలు మందం, అంటే మిల్లీమీటరున్నర దగ్గర ఉన్నది తీసుకోండి. పొడవు చాలకపోతే బల్ల మీద పరిచి, చాకు వెనకవైపుతో మెల్లగా ఒత్తుతూ ఒక చివర నుంచి ఇంకో చివరకి లాగండి. పావు వంతు దాకా సాగుతుంది, పల్చబడుతుంది, త్వరగా వేగుతుంది. ఈ ఒక్క పని నేర్చుకున్నాకే నా చుట్టలు విడిపోవడం తగ్గింది. సాగిన బేకన్ ఓవెన్‌లో వెనక్కి ముడుచుకుంటూ కూరగాయని బిగించేస్తుంది.

ప్యాకెట్ వెనక పదార్థాల వరుస కూడా చదవండి. మాంసం తర్వాత వెంటనే నీరు అని ఉంటే, ఉప్పునీరు ఎక్కించి ఊరబెట్టారని అర్థం. వేడి తగలగానే ఆ నీరు మాంసంలో కరిగిన ప్రోటీన్‌తో కలిసి తెల్లటి నురుగులా బయటికి వస్తుంది. పాడైపోయిందేమోనని మా అబ్బాయి ఒకసారి కంగారుపడ్డాడు. పాడవలేదు, తినొచ్చు. కానీ ఆ నురుగు ర్యాక్ గళ్లకి పట్టి ఎండిపోతే సిమెంటే. పొడి ఉప్పు రుద్ది ఊరబెట్టిన బేకన్‌తో ఈ గొడవ చాలా తక్కువ. ధర ఎక్కువైనా, చుట్టడానికి నేను దాన్నే వాడుతున్నాను.

కూరగాయల్లో ఈ ర్యాక్ మీద ఏది బాగా వస్తుందో ఏడాది చూశాక నాకొక అంచనా వచ్చింది. ఆస్పరాగస్ అన్నిటికన్నా ముందు. వేలంత లావున్న కాడలు ఏరుకోవాలి. సన్నటివైతే మూడేసి కలిపి ఒక స్లైసుతో చుట్టాలి. అడుగు పీచుభాగం తీసేసి, గుడ్డతో ఒత్తి, ఒక్క చుక్క తడి లేకుండా తుడవాలి. నూనె రాయనక్కర్లేదు, ఉప్పు అసలే వద్దు. మిరియాల పొడి ఒక్కటి చాలు. కాడ కింది నుంచి ఏటవాలుగా చుట్టుకుంటూ వెళ్లి, మొన బయటికి వదిలేయాలి. చుట్ట చివర గళ్ల మీద ఆనేలా పెడితే టూత్‌పిక్కు అవసరమే రాదు.

బ్రసెల్స్ స్ప్రౌట్స్ విషయంలో చాలామంది చేసేది నేనూ చేశాను, పచ్చివాటికి నేరుగా చుట్టేశాను. బయట బేకన్ అయిపోయింది, లోపల కాయ గట్టిగా చేదుగా ఉంది. ఇప్పుడు సగానికి కోసి, మరుగుతున్న నీళ్లలో మూడు నిమిషాలు ఉంచి, ఆరబెట్టి, అప్పుడు సగం స్లైసుతో చుడుతున్నాను. క్యారెట్టుకి నాలుగు నిమిషాలు. గ్రీన్ బీన్స్ రెండు నిమిషాలు ఉడికించి చన్నీళ్లలో ముంచి, ఆరేసి కలిపి కట్టలా చుడితే పళ్లెంలో పెట్టగానే పిల్లలు ముందు వాటినే అందుకుంటారు. సూత్రం ఒకటే: బేకన్‌కి సుమారు ఇరవై అయిదు నిమిషాలు కావాలి. కూరగాయకి అంతకన్నా ఎక్కువ టైము పట్టేలా ఉంటే ఆ తేడాని ముందే నీళ్లలో తీర్చేయాలి.

పుట్టగొడుగులు మాత్రం నన్ను చాలా సతాయించాయి. ఎంత వేడిచేస్తే అంత నీరు వదులుతాయి. ర్యాక్ మీద కూడా లోపలినుంచి నీరు ఊరి బేకన్‌ని తడిపేస్తోంది. మూడోసారికి దారి దొరికింది. కాడలు తీసేసి, గొడుగు బోర్లించి అదే ర్యాక్ మీద బేకన్ లేకుండా పది నిమిషాలు వేడిచేయాలి. నీరు కిందికి కారిపోతుంది, గొడుగు సగానికి చిక్కుతుంది. చల్లారాక చుట్టి మళ్లీ పెట్టాలి. రెండుసార్ల పనే, కానీ ఆ రుచి కోసం ఆ పని చేయొచ్చు. పుట్టగొడుగు వాసనలోకి పొగపట్టిన కొవ్వు దిగితే వచ్చే రుచి ఇంకే కూరగాయలోనూ దొరకలేదు నాకు.

హాలపేన్యో మిరపకాయల్ని నిలువుగా చీల్చి, క్రీమ్ చీజ్ నింపి, బేకన్ చుట్టేది పార్టీలకి బాగా అడుగుతారు. కారమంతా ఎక్కువగా గింజలు అంటుకుని ఉండే తెల్లటి పొరలో ఉంటుంది, దాన్ని చెంచాతో గీకేస్తే పిల్లలు కూడా తింటారు. గ్లౌజులు వేసుకోండి. నేను ఒకసారి లేకుండా పన్నెండు కాయలు శుభ్రం చేసి, సాయంత్రం కంట్లో చెయ్యి పెట్టుకుని గంటసేపు నీళ్లు కొట్టుకున్నాను. ర్యాక్ మీద వీటిని చీజ్ పైకి ఉండేలా పెట్టాలి. చీజ్ అంచుకు కాస్త కిందే ఆగేలా నింపాలి. పొంగి కారితే గళ్లలోంచి దిగి కింద మాడుతుంది.

కూరగాయ కరకర అస్సలు పోకూడదనుకునేవాళ్లు డబ్బాలో వచ్చే, నీళ్లలో పెరిగే చిన్న దుంపలైన వాటర్ చెస్ట్‌నట్స్ ప్రయత్నించండి. ఎంతసేపు వేడిచేసినా మెత్తబడవు. అమెరికాలో డాన్ ది బీచ్‌కోంబర్ రెస్టారెంటు 1940ల్లో వడ్డించిన రుమాకి అనే చిరుతిండిలో ఉండేవి ఇవే, కోడి లివరుతో కలిపి బేకన్ చుట్టి. నేను లివర్ లేకుండా, సోయా సాస్‌లో అరగంట నానబెట్టి చుడతాను. గుండ్రటివి కాబట్టి వీటికి టూత్‌పిక్కు తప్పదు. చెక్కవే వాడి, ముందు అరగంట నీళ్లలో నానబెట్టండి, లేకపోతే కొసలు కాలిపోతాయి.

ఇప్పుడు లోపాలు. మొదటిది పొగ. ర్యాక్ మీద వండేటప్పుడు కొవ్వు వేడి ట్రే మీద చుక్కలు చుక్కలుగా పడుతుంది. పల్చగా పరుచుకున్న ఆ చుక్కలు మాడతాయి. 220 డిగ్రీలు పెట్టిన రోజు వంటిల్లంతా పొగ నిండి, కిటికీలన్నీ తెరవాల్సి వచ్చింది. ట్రేలో కాసిన్ని నీళ్లు పోయమని ఒకరు సలహా ఇచ్చారు. పోశాను. పొగ తగ్గింది, కానీ ఆవిరికి బేకన్ పాలిపోయింది. అంటే ర్యాక్ కొన్న ప్రయోజనమే పోయింది. చివరికి నాకు కుదిరింది 200 డిగ్రీలు, మధ్య అరలో, ట్రే అడుగున ఫాయిల్ పరిచి. రెండో విడత పెట్టేముందు మొదటి విడత కొవ్వు తప్పకుండా వంపేస్తాను. ఆ కొవ్వుని సింకులో పోయకండి, గొట్టంలో గడ్డకడుతుంది. గాజు సీసాలోకి వడగట్టి ఫ్రిజ్‌లో పెట్టుకుంటే బంగాళాదుంపలు వేయించడానికి బ్రహ్మాండంగా ఉంటుంది.

రెండోది కడగడం. దీన్ని దాచి మంచి మాటలే చెప్పడం న్యాయం కాదు. గళ్ల ర్యాక్ కడగడం నిజంగా కష్టం. అతుకు అతుకులోనూ బేకన్ ముక్క ఇరుక్కుంటుంది. నేను చేసేది ఇది: చుట్టలు తీసి పళ్లెంలో పెట్టగానే, ర్యాక్ ఇంకా వెచ్చగా ఉండగానే, ట్రేలోనే బోర్లించి వేడినీళ్లు, గిన్నెల సబ్బు, చెంచాడు బేకింగ్ సోడా వేసి వదిలేస్తాను. అందరూ తినేసరికి నానిపోతుంది. అప్పుడు పాత టూత్‌బ్రష్ ఒకటి, స్టీలు పీచు ఒకటి. అయిదు నిమిషాల్లో అయిపోతుంది. మర్నాటికి వదిలేస్తే అరగంట. ఇంకో సంగతి, చక్కెర. బ్రౌన్ షుగరో మేపుల్ సిరపో పూయాలనుకుంటే చివరి అయిదు నిమిషాల్లోనే పూయండి. మొదటే పూస్తే బేకన్ వేగకముందే చక్కెర మాడుతుంది, గళ్లకి పట్టిన ఆ మాడు గీకడానికి ఓపిక చాలదు. ట్రేని డిష్‌వాషర్‌లో వేయకూడదు. ఆ డిటర్జెంటు ఘాటుకి అల్యూమినియం బూడిదరంగుకి తిరుగుతుంది. నాది ఒకసారికే తిరిగింది. వాడకానికి ఇబ్బంది లేదు, మెరుపు మాత్రం తిరిగి రాలేదు.

మూడోది నాకు నిజంగా బాధ కలిగించింది. నాలుగో నెలలో ర్యాక్ మధ్య కాలు ఒకటి అతుకు దగ్గర ఊడింది. దానిమీద నేను బరువేమీ పెట్టలేదు, పడేయలేదు. ఫొటోలు తీసి అమ్మినవాళ్లకి పంపితే పది రోజులకి జవాబు వచ్చింది, ర్యాక్‌కి హామీ వర్తించదు, ట్రేకే అని. సెట్టుగా అమ్మినప్పుడు సగానికే హామీ అంటే ఎలా? పెట్టె మీద ఆ మాట ఎక్కడా రాసి లేదు. మిగతా అయిదు కాళ్ల మీద ర్యాక్ బాగానే నిలబడుతోంది కాబట్టి వాడుతున్నాను. కానీ అయిదు నక్షత్రాలు ఇవ్వాలనుకున్నదాన్ని నాలుగు ఇస్తున్నానంటే ఆ ఒక్క కాలూ ఆ ఒక్క జవాబూ కారణం.

అన్నిటికీ ర్యాక్ కావాలని కూడా అనను. ఉత్త బేకన్ స్లైసులు వేయించాలంటే నేరుగా ట్రేలో బేకింగ్ పేపర్ మీద పరవడమే మేలు. కూరగాయ నీరు ఉండదు కాబట్టి తన కొవ్వులో తానే వేగి రంగు సమంగా వస్తుంది. టర్కీ బేకన్‌తో చుట్టినా ర్యాక్ వల్ల పెద్ద లాభం లేదు. కారడానికి దానిలో కొవ్వే తక్కువ. దానికి పైన కాస్త నూనె రాయాల్సిందే. ఎయిర్ ఫ్రయర్ ఉన్నవాళ్లకి దాని బుట్టే ర్యాక్ పని చేస్తుంది. ఆరేడు చుట్టలకైతే అది చాలు. పదిమంది వస్తున్నప్పుడు మాత్రం నాలుగు విడతలు తిప్పడం కన్నా ముప్ఫై చుట్టలు ఒకేసారి పట్టే ఈ ట్రేయే నయం.

మొన్న మా చెల్లి వచ్చినప్పుడు ఆస్పరాగస్ చుట్టలు చేసి పెట్టాను. ఒకటి తిప్పి అడుగు చూసింది, ఇంకోటి తిప్పి చూసింది, "అక్కా, నాకెప్పుడూ కిందంతా మెత్తగానే వస్తుంది, దీనికి ఏం చేశావు?" అంది. ట్రే చూపించాను. ఇంటికెళ్లిన రోజే ఆర్డర్ పెట్టబోతుంటే ఆపి, ముందు ఓవెన్ లోపలి వెడల్పు కొలవమన్నాను. కాసేపటికి ఫోన్ చేసింది.

"ముప్ఫై ఎనిమిది సెంటీమీటర్లే ఉందక్కా."

"అయితే ఇది పట్టదే. 33 సెం.మీ. పొడవు, 23 వెడల్పు ఉన్న చిన్న సైజు తీసుకో. గళ్లున్నదే తీసుకో. రాగానే కాళ్లన్నీ ఒకసారి గట్టిగా లాగి చూడు, ఊడేదైతే అప్పుడే వెనక్కి పంపేయొచ్చు."